పిన్నులు కొట్టిన ఆఖరి అధ్యాయం

మా మేనేజరు గారు పోయారని ఫోను వచ్చేసరికి నేను తునిలో మా బ్రాంచి మెట్లెక్కుతున్నాను. చేసింది పాత బ్రాంచి క్యాషియరు గారు. "తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారండి. రాజమండ్రిలో, ఇంట్లోనే. మీకు చెప్పమని టీచరు గారన్నారు" అన్నారు. టీచరు గారంటే మేనేజరు గారి భార్య. మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కుతూహలం. ఏ పుస్తకం మధ్యలో ఉన్నారో అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది గాని, ఆయన్ని ఎరిగినవాళ్ళెవరికైనా మొదట అదే తడుతుంది. క్యాషియరు గారు కూడా ఫోను పెట్టబోతూ గొంతు తగ్గించి, "ఆఖరికైనా ఒక్క పుస్తకం పూర్తిగా చదివారంటారా?" అని అడిగారు.

లోపలికి వెళ్ళి కూర్చుంటే టేబుల్ మీద ఒక ఫైలు ఉంది. రామచంద్రపురం వైపు ఒక బ్రాంచిలో కొబ్బరిపీచు యూనిట్‌కి ఇచ్చిన అప్పు మునిగిపోయింది. అప్పు సిఫారసు చేసిన ఆఫీసరు తప్పెంతో తేల్చి రాయమని నన్ను విచారణకి వేశారు. ఆ అమ్మాయి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నేనేం రాస్తే ఆమెకి అదవుతుంది. ముందురోజే ఫోను చేసి, "మేడం, నా గురించి ఏం రాస్తారండీ?" అని అడిగింది. చూద్దామండి అన్నాను. సరిగ్గా అలాంటి రోజున, అలాంటి ఫైలు ఎలా చదవాలో నాకు నేర్పినాయన లేరని కబురొచ్చింది.

ఆయన దగ్గర నేను ఉద్యోగంలో చేరింది భీమవరం దగ్గర ఒక పల్లెటూరి బ్రాంచిలో. చుట్టూ రొయ్యల చెరువులు, మేత దుకాణాలు, ఐసు ఫ్యాక్టరీలు. మేనేజరు గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పొట్టి చేతుల తెల్లచొక్కాలో ఉండేవారు. అందరినీ అండీ అనే పిలిచేవారు. గుమ్మానికి అడ్డంగా పడుకునే కుక్కని కూడా "కాస్త జరగండి" అనేవారు. ఆదివారం లూథరన్ చర్చిలో క్వయర్‌తో పాడేవారు. ఆయన ఒక్కరి గొంతు వల్ల పాట మొత్తం ఒక మెట్టు కిందికి దిగిపోతుందని క్యాషియరు గారి ఫిర్యాదు. అయినా ఆయన పక్కనే నిలబడి పాడేది కూడా క్యాషియరు గారే.

మేనేజరు గారి స్కూటరు డిక్కీలో ఎప్పుడూ రెండు మూడు నవలలుండేవి. అద్దెకి పుస్తకాలిచ్చే షాపులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, తూకానికి పోనివ్వకుండా మూటలు కట్టి తెచ్చుకున్నారట. సగానికి అట్టల్లేవు. డిటెక్టివులూ, కుటుంబ కథలూ, దయ్యాలూ, ఏదీ కాదనేవారు కాదు. వాటన్నిటిలోనూ ఒక వింత ఉండేది. ఆఖరి అధ్యాయం కాగితాలన్నీ కలిపి, అంచు పొడుగునా స్టేప్లర్ పిన్నులు కొట్టి ఉండేవి. ఆయన పిన్నుల దాకా చదివి, కళ్ళజోడు తీసి, కాసేపు గోడకేసి చూసి, పుస్తకం మూసేసేవారు. పిన్నులు విప్పడం మేమెవరం చూడలేదు.

ఎందుకలా అన్నది మా బ్రాంచిలో పెద్ద మీమాంస. "పుస్తకం అయిపోతే ఇంకోటి కొనాలి కదండీ. పిసినారితనం" అని క్యాషియరు గారు తేల్చేశారు. తాకట్టు బంగారం చూసే ఆచారి గారు ఏదో మొక్కు అయ్యుంటుందన్నారు. చర్చికెళ్ళేవాళ్ళకి అలాంటి మొక్కులుండవని ఎవరో అంటే, "మనకి చెప్తారా ఏంటి" అన్నారు. నాకు అప్పట్లో విషాదాలంటే ఇష్టం. ఆయనకి ఇష్టమైనవాళ్ళెవరో ఒక నవల ఆఖరి పేజీ చదువుతూ పోయుంటారని నేనొక కథ అల్లుకున్నాను. ఆయన్నే అడిగితే రోజుకో జవాబు. ఒకరోజు కళ్ళు లాగుతున్నాయన్నారు. ఇంకోరోజు, "ఆఖర్లో అందరూ ఉన్నట్టుండి మంచివాళ్ళయిపోతారండి. నాకు భయం" అన్నారు. క్యాషియరు గారు ఊరుకోక, "అయితే ఆదివారం చర్చిలో అయ్యగారి ప్రసంగం మధ్యలో లేచొచ్చేయరేంటండీ?" అని అడిగారు. "ఆయనది ఎలా ముగుస్తుందో మొదట్లోనే తెలిసిపోద్దండి. అందుకని ధైర్యంగా కూర్చుంటాను" అని నవ్వారు.

నేను చేరిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న బాగా గుర్తు. కామర్స్ చదివి, పోటీ పరీక్ష గట్టెక్కి, ట్రైనింగులో బ్యాలెన్స్ షీట్లు నమిలి మింగి వెళ్ళినదాన్ని. దేని గురించి అడిగినా గడగడా చెప్పేద్దామని కూర్చున్నాను.

"నవలలు చదువుతారాండి?" అన్నారు.

"లేదు సార్. టైము వేస్టని ఇంట్లో చదవనిచ్చేవారు కాదు."

"అయ్యయ్యో" అన్నారు, నిజంగానే జాలిపడి. "మరి మనుషులకి అప్పెలా ఇస్తారండి?"

డిక్కీలోంచి ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు. పిన్నుల దాకా చదివి, కథ ఎలా ముగుస్తుందో సోమవారం చెప్పమన్నారు. ఎందుకలా అనుకున్నానో కూడా చెప్పాలి. ఆ తర్వాత పిన్నులు విప్పి చూసుకోవచ్చు, కానీ ముగింపు ఆయనతో మాత్రం అనకూడదు. బ్రాంచికి కొత్తగా వచ్చే ఆఫీసర్లందరికీ ఇదే ఆనవాయితీ అని తర్వాత తెలిసింది.

అది ముగ్గురు అన్నదమ్ముల కథ. వాళ్ళ రైసుమిల్లు తగలబడుతుంది. ఎవరు తగలబెట్టారన్నదే నవలంతా. సోమవారం వెళ్ళి, చిన్నవాడేనండి అన్నాను. తాగుతాడు, అరుస్తాడు, మిల్లు అంటించేస్తానని రెండుసార్లు అంటాడు.

"అరిచేవాడి కోపం అరుపుతోనే సగం అయిపోద్ది కదండీ. పెద్దాయన గురించి రచయిత అన్ని మంచిమాటలు ఎందుకు చెప్పాడంటారు? మంచివాడని చెప్పాడా, మంచిపని చేస్తుంటే చూపించాడా?"

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పిన్నులు పీకి చదివితే ఒళ్ళు మండిపోయింది. మిల్లుని ఎవరూ తగలబెట్టలేదు. పిడుగు పడింది, అంతే. మర్నాడు, "ఇదేం ముగింపండీ, పిడు..." అనబోయేసరికి ఆయన రెండు చెవులూ మూసుకుని క్యాషు కౌంటరు వైపు పరిగెత్తారు. కస్టమర్లు భయపడ్డారు.

అప్పులిచ్చే ఉద్యోగానికి పనికొచ్చే సంగతులు నాకు ట్రైనింగు కంటే ఆ అట్టల్లేని పుస్తకాలే ఎక్కువ నేర్పాయి. ఆయన పాఠంలా చెప్పేవారు కాదు. చెరువుగట్ల మీద స్కూటరు నడుపుతూ తల వెనక్కి తిప్పకుండా మాట్లాడేవారు, సగం గాలికి పోయేది. అందిన సగంలో ఒకటి, దగాకోరు గురించి. "నవల్లోనైనా వాడు మీసం మెలేసుకుంటూ రాడండి. వేళకి వస్తాడు. మనకంటే బాగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంటాడు. మనం అడక్కముందే కాగితాలన్నీ ఇస్తాడు." అలాగని ప్రతి ఇస్త్రీ చొక్కానీ అనుమానించడం మొదలుపెడితే మందలించారు కూడా. "డిటెక్టివ్ నవల్లో ప్రతి సిగరెట్టు పీకకీ అర్థం ఉంటుందండి. బ్యాంకులో అలా చూస్తే పిచ్చెక్కిపోద్ది. ఇక్కడ చాలా పీకలు ఉత్త పీకలే."

చెరువు చూసొచ్చాక ఆయన అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. "ఆ రోజు ఎండా, వానా?" మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. చెరువు లోతెంతో, సరుకు ధరెంతో అడగరేంటి అనుకునేదాన్ని. "ఆ చోటికి వెళ్ళి రాసిన రచయితకీ, ఇంట్లో కూర్చుని రాసినాయనకీ తేడా ఎక్కడ తెలుస్తుందండి? వెళ్ళినాయనకి గట్టు మీద కాలు ఎక్కడ జారిందో గుర్తుంటుంది" అన్నారు.

ఒక ఐసు ఫ్యాక్టరీ అప్పుతో ఆ ప్రశ్న నాకు తగిలింది. కాగితాలు అద్దంలా ఉన్నాయి, మనిషి పలుకుబడి గలవాడు, వెళ్ళి చూడ్డానికి నాకు వారమంతా కుదర్లేదు. ఫొటోలు చూసి రాసేశాను. ఆ ఫ్యాక్టరీ యజమాని గడువుకంటే ముందే అప్పు తీర్చేశాడు. నా చేతి మీదుగా వెళ్ళి అంత బాగా తీరిన మొదటి అప్పది. సంబరంగా కాజాలు తెచ్చి బ్రాంచిలో పంచాను. మేనేజరు గారు ఒకటి తిని, చెయ్యి తుడుచుకుని, "మీరక్కడికి వెళ్ళిన రోజు ఎండాండి, వానాండి?" అన్నారు.

నేను తలొంచుకున్నాను.

"కాజా బాగుందండి. అప్పే బాగోలేదు."

"తీర్చేశాడు కదండీ!"

"తీర్చాడు. అది ఆయన మంచితనం, మన అదృష్టం. అదృష్టం రాసిన ఆఖరి పేజీ కింద మీరు సంతకం పెట్టకండి."

నాకు చచ్చేంత కోపం వచ్చింది. డబ్బు తిరిగొచ్చినా తిట్టే మేనేజరు ఎక్కడైనా ఉంటాడా అని రెండు రోజులు ముభావంగా తిరిగాను. మిగిలిన కాజాలన్నీ ఆయనే తిన్నారు.

ఆ కోపం నాకు పూర్తిగా పోయింది తర్వాతి ఏడాది. సముద్రం పక్క ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. చేపలు పట్టే కుటుంబం. భర్త బోటు మీద పనికి వెళ్తాడు, ఆవిడ చిన్న చెరువు లీజుకి తీసుకుని రొయ్యలు వేసుకుందామని. ఈసారి నేను వెళ్ళాను. ఎండలో వెళ్ళాను, ముసురులో వెళ్ళాను, చెప్పకుండా వెళ్ళాను. ఎప్పుడు వెళ్ళినా ఆవిడ గట్టు మీదే ఉండేది, పక్క చెరువులో కూలికి పనిచేస్తూ, మేత మిగిలిందేమోనని జల్లెడ పైకి లాగి చూసుకుంటూ. అడిగితే చెడ్డ సంగతే ముందు చెప్పేది. "ఆయ్, కిందటేడు ఈ చెరువే పోయిందండి. అప్పుడు సాగు చేసింది మా మరిది. నేనైతే నీళ్ళు మార్చకుండా ఒక్క రొయ్యపిల్లనీ వెయ్యనండి" అంది. నవల్లో అలాంటి పాత్ర తగిలితే పేజీ మూల మడిచి పెట్టుకుంటాం. అప్పు ఇవ్వొచ్చని రాశాను. మేనేజరు గారు సంతకం చేశారు.

పంట చేతికొచ్చే ముందు రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చింది. ఆ చుట్టుపక్కల చెరువులన్నీ వరసగా పోయాయి. నేను వెళ్ళేసరికి చచ్చిన రొయ్యలు నీటి అంచున తేలి ఉన్నాయి. ఆవిడ ఏడవలేదు. జల్లెడ ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడింది. నేనే ఏడ్చాను.

పై ఆఫీసు నుంచి విచారణకి ఒకాయన వచ్చారు. నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. మేనేజరు గారికి రిటైర్మెంటు దగ్గర పడింది. 'ఆ పిల్ల రాసింది, నమ్మి సంతకం పెట్టాను' అని ఒక్క ముక్క అంటే ఆయన బయటపడేవారు. విచారణకొచ్చినాయన ఫైలు వెనక నుంచి తెరిచారు. ముందు నోటీసులు, తర్వాత చచ్చిన పంట ఫొటోలు, ఆ తర్వాత నా రిపోర్టు. అలా చదివితే నేను రాసిన ప్రతి మంచిమాటా మూర్ఖత్వంలాగే కనిపిస్తుంది. "ఇది మునిగిపోయే అప్పని ఎవరికైనా తెలుస్తుంది కదమ్మా. మీకెందుకు తెలియలేదు?" అన్నారు.

సాయంత్రం ఆయన భీమవరంలో లాడ్జికి బయల్దేరుతుంటే మేనేజరు గారు ఒక పుస్తకం ఇచ్చారు. "ఒక్కరే ఉంటారు కదండీ, తోచదు. ఇది పిన్నుల దాకా చదవండి. ఎలా ముగుస్తుందో రేపు చెప్దురు గాని." చూస్తే అది రైసుమిల్లు నవల. మా క్యాషియరు గారు నెత్తి కొట్టుకున్నారు. "వీళ్ళ ఉద్యోగాలు పోయే వేళ కథలేంటండీ బాబూ" అని నా దగ్గర వాపోయారు.

ఆశ్చర్యంగా ఆయన చదివారు. మర్నాడు కుర్చీలో కూర్చుంటూనే, "రెండోవాడు. ఇన్సూరెన్సు డబ్బు కోసం" అన్నారు. ఎందుకలా అనుకున్నారో కూడా చక్కగా చెప్పారు. నాకంటే ఎంతో జాగ్రత్తగా చదివారు.

"అయితే విప్పి చూసుకోండి. నాకు కథ చెప్పకండి. మీరనుకున్నట్టు ఉందో లేదో అంతే చెప్పండి" అని మేనేజరు గారు వరండాలోకి వెళ్ళి, కుక్క పక్కన నిలబడ్డారు. విచారణకొచ్చినాయన పిన్నులు విప్పారు. చదివారు. పుస్తకం మూసి టేబుల్ మీద పెట్టారు. మేనేజరు గారు తలుపు దగ్గరకొచ్చారు.

"లేదండి. నేననుకున్నట్టు లేదు" అన్నారు విచారణకొచ్చినాయన.

"మరి మీరు అశ్రద్ధగా చదివారాండి?"

"లేదు."

"మా అమ్మాయీ అంతేనండి. ఆఖరి పేజీ చేతిలో పెట్టుకుని మొదటి పేజీని తిట్టడం తేలికండి. ఆ అమ్మాయి రాసిన రోజుకి ఆ పేజీ ఎవరి దగ్గరా లేదు. ఆ రోజుకి చూడాల్సింది చూసిందా లేదా, అది రాయండి. చూడకపోతే నన్నూ కలిపి రాయండి."

కథల్లోలాగా అన్నీ సుఖాంతం కాలేదు. విచారణకొచ్చినాయన ఫైలు ముందు నుంచి మళ్ళీ చదివిన మాట నిజం. నాకు హెచ్చరిక కాగితంతో సరిపోయింది, ఉద్యోగం నిలిచింది. మేనేజరు గారికి రిటైరయ్యాక రావాల్సిన డబ్బు మాత్రం ఆ కేసు తేలేదాకా ఆపేశారు. ఆయన నాతో ఒక్కనాడూ అనలేదు. చెరువావిడ తర్వాత రొయ్యలు శుభ్రం చేసే షెడ్డులో పనికి చేరింది, ఇప్పుడక్కడ పదిమందిని చూసుకుంటోంది, బాకీ కొంచెం కొంచెంగా తీరుస్తోంది. మేనేజరు గారు ఫోను చేసినప్పుడల్లా బాకీ ఎంతైందని అడిగేవారు కాదు. "ఆవిడ కథ ఎంతవరకొచ్చిందండి?" అనేవారు.

ఒక్క సందేహం మాత్రం నన్ను ఇన్నేళ్ళూ పీకింది. ముగింపులు చదవని మనిషికి, సరిగ్గా ఎవరి తప్పూ లేని కథే చేతికి ఎలా తగిలింది? దొంగచాటుగా చదివేవారా? అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఎప్పుడూ ఇంకో మాటేదో అడ్డొచ్చేది.

జ్ఞాపకార్థ కూడికకి రాజమండ్రి వెళ్ళాను. చర్చిలో ఆయన పాడే వరసలో ఆ చోటు ఖాళీగా వదిలేశారు. పాట ఆ రోజు సరైన శ్రుతిలో సాగింది. అది విన్నాక ఇక ఆపుకోలేకపోయాను. కబురు తెలిసి వచ్చి పక్కన నిలబడ్డ చెరువావిడ తన కొంగు నా చేతిలో పెట్టింది.

అందరూ వెళ్ళాక టీచరు గారు నన్ను లోపలికి పిలిచారు. రైసుమిల్లు నవల ముగింపు ఆయనకి ముందే తెలుసాండి అని ఆగలేక అడిగేశాను.

"ఆయనకేం తెలుసమ్మా" అన్నారు ఆవిడ. "ఆ పుస్తకం నేనిచ్చి పంపాను. మీ సంగతంతా చెప్పి ముందురోజు అన్నం తినకుండా కూర్చున్నారు. పొద్దున్న క్యారేజీతో పాటు సంచిలో ఆ పుస్తకం పెట్టి, 'విచారణకొచ్చే ఆయనకి ఇది ఇవ్వండి' అన్నాను. ఎందుకని అడగలేదు. అడిగితే ముగింపు తెలిసిపోద్ది కదా."

"అయితే మీరు..."

"నేను అన్నీ చదివానమ్మా. పిన్నులు తీసి చదివి, మళ్ళీ అవే చిల్లుల్లో పెట్టేసేదాన్ని. నేను చదువుతానని ఆయనకి తెలుసు. చదివినంతవరకూ చదివి, 'ఇలా అవుతుందేమో' అని నా మొహం చూసేవారు. నేను మొహంలో ఏమీ కనపడనిచ్చేదాన్ని కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే మా ఆట." ఆవిడ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. "మీ కేసులో డబ్బు ఆగినప్పుడు వంటింటి కప్పు కారేది. బకెట్టు పెట్టి, ఆ చప్పుడు వింటూ చదువుకునేవారు. 'సంతకం పెట్టకుండా ఉండాల్సింది' అని ఆయన అనలేదు, నేనూ అనలేదు. అది మీకు తెలియాలి."

తెలిసింది. ఆవిడ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

వచ్చేటప్పుడు ఆయన మంచం పక్కనుండే పుస్తకం నాకిచ్చారు. పిన్నులకి ముందు పేజీలో గుర్తుగా ఈనెపుల్ల ఉంది. అంతవరకూ చదివి, పోయే ముందురోజు సాయంత్రం తన ఊహ చెప్పారట.

"ఆయన చెప్పిందే జరుగుతుందాండి?"

టీచరు గారు మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "ముందు మీరు చదివి, మీ ఊహ చెప్పండి" అన్నారు.

ఆ పుస్తకం ఇంకా పిన్నులతోనే నా సొరుగులో ఉంది. తుని వచ్చిన మర్నాడు కొబ్బరిపీచు ఫైలు ముందుకు లాక్కుంటే, నా చెయ్యి అలవాటుగా వెనక నుంచే తెరవబోయింది. ఆపి, అప్పు ఇచ్చిన తేదీ తర్వాతి కాగితాలన్నీ ఒక దొంతర చేశాను. స్టేప్లర్ తీసుకుని అంచు పొడుగునా కొట్టుకుంటూ పోయాను. కౌంటరు దగ్గరున్నవాళ్ళు తలలెత్తి చూశారు.

విచారణ రోజున ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. అడక్కముందే, "నాదే తప్పేమో మేడం, ముందే తెలుసుకోవాల్సింది" అని మొదలుపెట్టింది. ఫైలు మా ఇద్దరి మధ్యా ఉంది. వెనక సగానికి వరసగా పిన్నులు కొట్టి ఉండడం చూసి ఆగిపోయింది.

"అక్కడికి నేనింకా రాలేదండి. మీరు మొదటిసారి ఆ యూనిట్‌కి వెళ్ళారే, ఆ రోజు ఎండా, వానా?" అని అడిగాను.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"వానండి. రోడ్డంతా బురద. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాను."

పెన్ను మూత తీశాను.